ప్రసారమును దాచిన పెట్టె

ప్రసారమునకు ఒక నియమము కలదు. అది వేళకు వచ్చును, వేళకు పోవును. రేడియో ఉన్న ఇంటివారికి ఈ సంగతి మేము వేరుగా చెప్పనక్కరలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు కచేరీ అన్నచో తొమ్మిదిన్నరకే పెట్టె దగ్గరకు చేరవలెను. పది నిమిషములు ఆలస్యమైనచో వర్ణము పోయినట్లే. టెలివిజన్ వచ్చిన తరువాత గూడ చాలకాలము ఈ నియమమే సాగినది. దీనిని సడలించుటకు మనుష్యుడు చేసిన ప్రయత్నములలో ఒక ఘట్టమును నేడు ముచ్చటించెదము. అది అమెరికాలో ఉపగ్రహ టెలివిజన్ పెట్టుకొన్న గృహములలో 1999 నుండి నడచిన డిజిటల్ వీడియో రికార్డర్ల కథ. వానిలో ఏది నమ్మదగినది, ఏది ఇంటిల్లిపాదికి సులువైనది అను వాదము ఆ గృహస్థుల మధ్య ఏండ్ల తరబడి సాగెను.

అంతకు ముందు టేపు యంత్రములుండెను. 1975లో సోనీ సంస్థ బీటామాక్సును, 1976లో జె.వి.సి. సంస్థ వి.హెచ్.ఎస్. యంత్రమును తెచ్చినవి. ఇంటిలో చూచుకొనుటకై ప్రసారమును రికార్డు చేసికొనుట దోషము కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984 జనవరి 17న తీర్పు చెప్పినది. తొమ్మండుగురు న్యాయమూర్తులలో అయిదుగురు ఒకవైపు, నలుగురు మరియొకవైపు నిలిచిరి. హక్కు సిద్ధించినది గాని సౌకర్యము సిద్ధించలేదు. టేపు మార్చవలెను, గడియారము సరిచేయవలెను, వేళను అంకెలలో చెప్పవలెను. ఆ విద్య పట్టుబడక అనేక గృహములలో యంత్రము ముఖమున పన్నెండు గంటల అంకె రాత్రింబవళ్లు మినుకుమినుకుమనుచునే ఉండెను.

1999లో టీవో, రిప్లే టీవీ అను రెండు యంత్రములు అమ్మకమునకు వచ్చినవి. వీనిలో టేపు లేదు. కంప్యూటరులో వాడు హార్డ్‌డిస్కు కలదు. నడచుచున్న ప్రసారమును నిలుపవచ్చును, వెనుకకు పోవచ్చును, ఒక కార్యక్రమము రికార్డగుచుండగనే మొదటినుండి చూడవచ్చును. తొలి టీవోలలో ఒక రకము 14 గంటలు, మరియొక రకము 30 గంటలు దాచెడివి. అయినను ఉపగ్రహ టెలివిజన్ ఉన్నవారికి ఒక చిక్కు మిగిలినది. ఛానలు మార్చవలెనన్న టీవో తన పరారుణ కిరణముతో ఉపగ్రహ పెట్టెకు సంజ్ఞ చేయవలెను. ఆ సంజ్ఞలో ఒక్క అంకె తప్పినచో రాత్రియెల్ల వేరొక ఛానలు రికార్డయి యుండును. పైగా అంకెలుగా వచ్చిన బొమ్మ ఉపగ్రహ పెట్టెలో మామూలు బొమ్మగా మారి, టీవోలో మరల అంకెలుగా మారవలెను. ఈ మార్పిడిలో బొమ్మ కొంత మసకబారెను.

ఈ రెండు పెట్టెలను ఒక్కటి చేసినచో చిక్కు విడిపోవును. ఉపగ్రహమునుండి వచ్చు సంకేతము ముందే అంకెల రూపమున కుదించబడి యుండును గనుక దానిని ఉన్నది ఉన్నట్లు డిస్కుపై వ్రాసికొన్న చాలును. బొమ్మ చెడదు, ఖర్చు తగ్గును, రెండవ ట్యూనరు పెట్టుటయు కష్టము కాదు. ఈ మార్గమున మొదట నడచినది డిష్ నెట్‌వర్క్. మైక్రోసాఫ్ట్ వారి వెబ్‌టీవీతో కలిసి 1999లో డిష్‌ప్లేయరును తెచ్చినది. 2000లో డైరెక్‌టీవీ తన పెట్టెలో టీవోను చేర్చగా, ఫిలిప్స్, సోనీ సంస్థలు దానిని తయారుచేసినవి. 2001లో మైక్రోసాఫ్ట్ వారి అల్టిమేట్ టీవీ గూడ డైరెక్‌టీవీ చందాదారులకు దొరికినది. అదే యేట బ్రిటన్‌లో స్కై ప్లస్ వచ్చినది.

ఈ మూడు అమెరికా యంత్రములను పోల్చి చూచినచో ఒక పాఠము కనబడును. డిష్‌ప్లేయరు అందరికన్న ముందు వచ్చినది గాని తొలిచూలు బాధలు దానికి తప్పలేదు. నడుమ నడుమ బిగుసుకొనిపోవుట, పెట్టిన రికార్డింగు తప్పిపోవుట దానికి చెడ్డపేరు తెచ్చినవి. అల్టిమేట్ టీవీలో ఇంటర్నెట్టు సైతము కలదు, మొదటినుండియు రెండు ట్యూనర్లు కలవు. అయినను 2002లోనే దాని వెనుకనున్న బృందమును మైక్రోసాఫ్ట్ ఇతర పనులలోనికి మార్చినది. టీవో కలిసిన డైరెక్‌టీవీ పెట్టె తక్కిన రెంటివలె ఇంటర్నెట్టు సేవను చూపలేదు. అది చేయవలసిన పని ఒక్కటే: చెప్పిన కార్యక్రమమును పట్టి యుంచుట. ఆ పనిని తప్పక చేసినది గనుకనే ఆ పెట్టె గృహస్థుల మన్ననకు పాత్రమైనది.

నమ్మకమునకు మూలము ఇనుములో గాక సాఫ్ట్‌వేరులోనే ఎక్కువగా నుండెను. 2001లో వచ్చిన డిష్ 501 పెట్టెకు వేళ చెప్పవలెను. ఆ వేళకు ఆ ఛానలులో ఏది వచ్చిన దానినే అది పట్టును. టీవోకు పేరు చెప్పిన చాలును. కార్యక్రమము మరియొక దినమునకు మారినను వెదకి పట్టును, చూచినదానిని మరల పట్టదు. చిన్న సౌకర్యములలో గూడ ఈ శ్రద్ధ కనబడును. ప్రకటనలను వేగముగా దాటించుచు మనము ఆపుమని మీట నొక్కునప్పటికి చేయి కొంత ఆలస్యమగును. ఆ ఆలస్యమును లెక్కించి టీవో తానే కొంచెము వెనుకకు జరిగి నిలుచును. వృద్ధులకు, పిల్లలకు ఇట్టి యంత్రము వేరుగా నేర్పనక్కరలేదు.

అయినను ఆ యంత్రమునకు దీర్ఘాయువు లేకపోయెను. 2004లో 999 డాలర్ల వెలతో వచ్చిన హెచ్.ఆర్.10-250 అను పెట్టె హై డెఫినిషన్ బొమ్మను దాచెడిది. కాని డైరెక్‌టీవీ తన కొత్త హై డెఫినిషన్ ఛానళ్లను ఎంపెగ్-4 అను వేరొక కుదింపు పద్ధతికి మార్చినది. పాత పెట్టెకు ఆ భాష తెలియదు. 2006లో వచ్చిన హెచ్.ఆర్.20 డైరెక్‌టీవీ సొంత సాఫ్ట్‌వేరుతో నడచినది. తొలి మాసములలో రికార్డింగులు తప్పుచున్నవని, పెట్టెను ఆపి మరల వెలిగించవలసి వచ్చుచున్నదని ఫిర్యాదులు వినవచ్చినవి. సవరణలు ఒకదాని వెంట ఒకటి పంపగా క్రమముగా కుదుటపడినది. టీవోలో రెండు ట్యూనర్లలోను నడచు ప్రసారమును వెనుకకు త్రిప్పి చూచు వీలుండెను. కొత్త పెట్టెవారికి అట్టి సౌకర్యము 2009 వరకు రాలేదు. టీవోతో కూడిన డైరెక్‌టీవీ పెట్టె 2011లో మరల వచ్చినది గాని పూర్వపు ఆదరణ లభించలేదు.

డిష్ సంస్థ మార్గము వేరు. 2006 నాటి దాని 622 పెట్టె ఒక్కటే రెండు గదుల టెలివిజన్లకు పని చేసెను. గోడ యడ్డమున్నను రెండవ గది రిమోటు రేడియో తరంగములతో పలికెడిది. సదుపాయము గొప్పదే గాని ఆ ఒక్క పెట్టె చెడినచో రెండు గదులును మూగవోవును. ఈలోగా టీవో సంస్థ తన పేటెంటును డిష్ మాతృసంస్థ ఎకోస్టార్ అతిక్రమించినదని 2004లో దావా వేసెను. 2006లో జ్యూరీ టీవో పక్షమున తీర్పు చెప్పినది. 2011లో 50 కోట్ల డాలర్ల రాజీతో వ్యాజ్యము ముగిసినది.

ఇక యంత్రము ఎందుకు తప్పును? టెలివిజన్ చూడకున్నను పెట్టెలోని డిస్కు తిరుగుచునే యుండును, నడచు ప్రసారమును ఎడతెగక వ్రాయుచునే యుండును. గాలి ఆడని అరలో పెట్టినచో వేడికి దాని ఆయువు తరుగును. కుండపోత వానలో ఉపగ్రహ సంకేతము సన్నగిల్లును. ఆ వేళ వ్రాసినదానిలో ఖాళీలు పడును. కార్యక్రమముల పట్టికలో తప్పున్నను రికార్డింగు తప్పును. 2008లో టాటా స్కై ప్లస్ వచ్చినపుడు మన దేశపు గృహములకు గూడ ఈ అనుభవములన్నియు పరిచయమైనవి. ఋతుపవనపు వానకు తోడు కరెంటు కోత గూడ కలిసినది.

ఒక కార్యక్రమము తప్పుట చిన్న నష్టము. మరునాడో, మరువారమో మరల రావచ్చును. పెద్ద నష్టము వేరొకటి కలదు. ఈ పెట్టెలలోని రికార్డింగులు గుప్తలిపిలో నుండును. ఆ తాళపుచెవి ఆ పెట్టెకే కట్టుబడి యుండును. ఊరి పిల్లవాడు ఆడిన ఆటయో, ఇంటిపెద్ద మాటలాడిన వార్తాంశమో అందులో దాచిన కుటుంబమును తలంచుకొనుడు. పెట్టె చెడినచో సంస్థ కొత్త పెట్టె నిచ్చును. దాచినది మాత్రము పాత పెట్టెతో పోవును. డైరెక్‌టీవీ పెట్టెకు బయటి డిస్కు తగిలించినను అది ఆ ఒక్క పెట్టెకే చెల్లెను. డిష్ సంస్థ 2007లో చిన్న రుసుముపై బయటి డిస్కునకు రికార్డింగులను మార్చుకొననిచ్చి, ఆ ఖాతాలోని తగిన మరియొక పెట్టెలో చూచు వీలు గూడ కల్పించినది. వాడుకలో టీవోకు ఎందరు ఓటు వేసినను, దాచినదానిని కాపాడుటలో ఈ ఏర్పాటే మేలైనదని మా అభిప్రాయము.

తరువాత పెట్టెలు పెద్దవైనవి. 2012 నాటి డిష్ హాపరులో మూడు ట్యూనర్లు, రెండు టెరాబైట్ల డిస్కు ఉండెను. ప్రకటనలను తానే దాటించు దాని సౌకర్యముపై ఆ యేడే పెద్ద టెలివిజన్ సంస్థలు న్యాయస్థానము కెక్కినవి. నేడు అనేకులు ఇంటర్నెట్టు ద్వారా తమకు వలసినపుడు కార్యక్రమములను చూచుచున్నారు. అక్కడ చెడుటకు ఇంటిలో డిస్కు లేదు. కాని సంస్థ తొలగించినచో నిలుపుకొనుటకును ఇంటిలో ఏమియు లేదు. కావున ఇట్టి సాధనమును ఇంటికి తెచ్చువారు ఎన్ని గంటలు పట్టునని అడుగుటతో నిలిచిపోరాదు. చెప్పినది తప్పక పట్టునా, ఇంటిలో అందరికి అర్థమగునా, పెట్టె పోయినను దాచినది మిగులునా అని గూడ అడుగవలెను. మూడవ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానము రానిచోట, మరల దొరకని దానిని ఆ పెట్టెకు మాత్రమే అప్పగింపకుండుట మంచిది.