దండోరా మొదలు చేతిఫోను వఱకు

మా ఉద్దానమునఁ బూర్వము మఱునాఁటి పనికి ముందటి సాయంకాలమే దండోరా వేసెడివారు. మిక్కిలి ముందు చెప్పిన జనులు మఱతురు. ఆలస్యముగాఁ జెప్పిన నక్కఱకు రాదు. 1875లో ఏర్పడిన వాతావరణశాఖవారి పద్ధతియు నిట్టిదే. తుపాను కీడునకు 48 గంటల ముందొక హెచ్చరిక, 24 గంటల ముందు మఱియొకటి పంపుదురు.

2018 అక్టోబరు 11, శరన్నవరాత్రులు మొదలైన మఱునాఁడు, వేకువజామున తిత్లీ తుపాను పలాస చేరువఁ దీరము దాటెను. గాలి వేగము గంటకు 140 కిలోమీటర్లకు మించెను. అంతకు ముందు నా చేతిఫోను పలుమాఱులు మ్రోఁగినది. మొదటి కబురు శ్రద్ధగాఁ జదివితిని. మూఁడవదానిని జూడకయే త్రోసివేసితిని. ఊరక గంట కొట్టిన బడిలోఁ బిల్లలు లేవరని యెఱిఁగిన నేనే యిట్లు చేసితిని! రాత్రి వచ్చిన కబురు మాత్రము, ఇల్లు విడిచి పక్కా కట్టడమునకుఁ బొండని స్పష్టముగాఁ జెప్పినది. అందఱము బడి మేడకుఁ బోయితిమి. ప్రాణములు దక్కినవి.

తెల్లవాఱుసరికి ఫోను మూగవోయినది. కొబ్బరి, జీడిమామిడి తోఁటలు నేలఁ బడియున్నవి. ఎన్ని గంటల ముందు చెప్పినను చెట్టు నడచి పోఁజాలదు గదా. మఱుసటి యేఁడు నాటిన కొబ్బరి మొక్కలలోఁ గొన్ని యిప్పుడిప్పుడే గెల వేయుచున్నవి.