దయ్యం లేని వీధి

మీ పేటలో దయ్యం ఎక్కడుందో చెప్పండి చూద్దాం. లేదని మాత్రం అనకండి. పేట అన్నాక తాళంపెట్టిన ఇల్లొకటీ, చింతచెట్టొకటీ, “పొద్దుపోయాక అటు పోకండర్రా” అని హెచ్చరించే ముసలమ్మ ఒకావిడా ఉండి తీరతారు. మా అశోక్‌నగర్‌లో నాలా ఒడ్డున ఒక చెట్టుండేది. చిక్కడపల్లి మార్కెట్టు వెనక సందులో ఏళ్ళ తరబడి తలుపు తియ్యని ఇల్లొకటి ఉండేది. నారాయణగూడలో అయితే పూడ్చేసిన బావి. ఈ మూడింటి పేరు చెప్పి నేను మా పిల్లల చేత అన్నం తినిపించాను, చెప్పొద్దూ!

ఎప్పుడైనా గమనించారా, ఈ దయ్యాలన్నిటికీ ఒక పోలిక ఉంటుంది. చచ్చిపోయిన మనిషికి పేరుండదు. ఎవరో కోడలట, ఎప్పుడో ఉరి వేసుకుందట. ఏ సంవత్సరం అంటే చెప్పేవాళ్ళుండరు. ఎవరు చంపారు, ఎందుకు చంపారు అంటే అసలే ఉండరు. అన్నీ “అట”లే. పేరూ, ఊరూ, తేదీ అన్నీ రూఢిగా తెలిసిన హత్య జరిగిన చోట మాత్రం దయ్యం ఉందని ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఇదెందుకో ఆలోచించి చెప్పాలనే ఇవాళ మీ ముందుకొచ్చాను.

గోలకొండ చూడని వాళ్ళు మనలో తక్కువ. బాలాహిసారు మెట్లెక్కి ఆయాసపడుతూ కూర్చుంటే, రాత్రిళ్ళు తారామతి అందెల చప్పుడు వినిపిస్తుందని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వినడానికి బాగానే ఉంటుంది. అదే కోటలో నిజంగా జరిగిన సంగతి చూడండి. తానీషా కొలువులో మంత్రి మాదన్న, ఆయన సోదరుడు అక్కన్న. హనుమకొండ నుంచి వచ్చిన కుటుంబం. భద్రాచల రామదాసుగారి మేనమామలని మనం చిన్నప్పటినుంచీ వింటున్నవాళ్ళే. 1685లో మొగలు సైన్యం హైదరాబాదు మీద పడి ఊరు దోచుకుంది. తానీషా కోటలో తలదాచుకున్నాడు. ఈ కష్టమంతా ఈ అన్నదమ్ముల వల్లనే వచ్చిందని కొలువులో కొందరు సర్దారులూ, అంతఃపురంలో కొందరు స్త్రీలూ కక్షగట్టారు. 1686 మార్చిలో ఒక రాత్రి కొలువు ముగించుకుని ఇళ్ళకు వెళుతున్న ఇద్దర్నీ కోట వీధిలోనే పొడిచి చంపారు. మాదన్న తలను మొగలుల దగ్గరికి పంపారు. ఇంతా చేసి కోట నిలిచిందా అంటే, మరుసటి ఏడు, 1687లో అది ఔరంగజేబు చేతికి చిక్కింది.

మరి ఆ వీధిలో మాదన్న మూలుగు వినిపిస్తుందని ఎవరైనా అంటున్నారా? అనరు. నాట్యం చేసిన ఆమె అందెలు వినిపిస్తాయిగానీ, నడివీధిలో చచ్చిన మంత్రి కేక వినిపించదు. అది విన్నామంటే, తరవాత “ఎవరు చంపించారు?” అన్న ప్రశ్న వస్తుంది. అందెల చప్పుడుతో ఆ పేచీ లేదు.

ఈ సరదా మనవాళ్ళకే ఉందనుకోకండి. లండన్‌లో 1888లో వైట్‌చాపెల్ అనే పేటలో పేద ఆడవాళ్ళను వరసగా చంపినవాడు దొరకనే లేదు. ఆ సందులన్నీ రాత్రిపూట తిప్పి చూపించడానికి ఇప్పుడక్కడ టిక్కెట్టు పెట్టి డబ్బు తీసుకుంటారు. చంపినవాడికి పెట్టిన మారుపేరు ప్రపంచమంతా తెలుసు. చనిపోయిన ఆడవాళ్ళ పేర్లు ఎంతమందికి తెలుసు?

అయితే ఒళ్ళు జలదరించడం అబద్ధమా అని మీరడగవచ్చు. అబద్ధం కాదు. ఇంగ్లండులోనే విక్ టాండీ అని ఒక ఇంజనీరు, తాను పనిచేసే ప్రయోగశాలలో ఉన్నట్టుండి చలి పుట్టడం, ఎవరో పక్కన నిలబడ్డట్టు బూడిదరంగు నీడ కనిపించడం గమనించాడు. భయపడి మానెయ్యకుండా కారణం వెతికాడు. తీరా చూస్తే కొత్తగా బిగించిన ఎగ్జాస్టు ఫ్యాను! అది సెకనుకి 19 సార్లు గాలిని కదిలిస్తోంది. అంత తక్కువ కంపనం మన చెవికి వినిపించదు, ఒంటికి మాత్రం తెలుస్తుంది. ఫ్యాను సంగతి చూసుకున్నాక నీడా లేదు, చలీ లేదు. 1998లో ఆయన దీన్ని వ్యాసంగా ప్రకటించాడు. అన్ని దయ్యాలూ ఫ్యాన్లేనని కాదు సుమండీ. ఒళ్ళు జలదరించింది గనక అక్కడ ఎవరో ఉన్నారనుకోవడం తొందరపాటని మాత్రం తేలింది.

ఇక మన పేటకొద్దాం. నారాయణగూడ వై.ఎం.సి.ఎ. దగ్గర నిలబడితే ఒక దారి కింగ్‌కోఠీ వైపు పోతుంది, ఒక దారి కాచిగూడ వైపు పోతుంది. చీరలకీ, స్కూలు పుస్తకాలకీ ఆ దారుల్లో తిరగని ఇల్లాలు ఈ చుట్టుపక్కల ఉండదు. 1947 డిసెంబరు 4న కింగ్‌కోఠీ దగ్గర, నారాయణరావు పవార్ అనే యువకుడు కారులో వెళుతున్న నిజాం నవాబు మీద బాంబు విసిరాడు. గురి తప్పింది, నవాబు బతికాడు. పవార్‌కి మరణశిక్ష వేశారుగానీ అమలు కాలేదు. పోలీసు చర్య తరవాత, 1949లో విడుదలయ్యాడు. ఆ కథ అంతటితో సరి.

రెండో దారిలో జరిగినదానికి గురి తప్పలేదు.

షోయబుల్లాఖాన్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. మహబూబాబాదు ప్రాంతంవాడు. 1920 అక్టోబరు 17న పుట్టాడు. తండ్రి హబీబుల్లాఖాన్ రైల్వే పోలీసులో పనిచేసేవాడు. ఆ రోజు స్టేషన్లో గాంధీగారిని చూసి ఇంటికొచ్చేసరికి కొడుకు పుట్టాడట. అందుకని ముద్దుగా షోయబుల్లా గాంధీ అని పిలిచేవాడని చెబుతారు. పిల్లవాడు ఉస్మానియాలో డిగ్రీ చదివాడు. సర్కారీ నౌకరీకి పోకుండా పత్రికల్లో చేరాడు. ముందు తేజ్, తరవాత మందుముల నరసింగరావుగారి రయ్యత్. రెండిటినీ నిజాం ప్రభుత్వం మూయించింది. అప్పుడు స్వంతంగా ఇమ్రోజ్ అనే ఉర్దూ దినపత్రిక మొదలుపెట్టాడు. ఇమ్రోజ్ అంటే “ఈవేళ” అని అర్థం. 1947 నవంబరు నాటి మాట. పెట్టుబడికి తల్లి నగలూ, భార్య నగలూ అమ్మారని చెబుతారు. ఇంట్లో బంగారం తియ్యడమంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కరలేదు. పెళ్ళికో, వైద్యానికో తీస్తాం. ఆ ఇంటి ఆడవాళ్ళు ఒక పత్రిక కోసం తీశారు.

ఆ పత్రిక ఏం వ్రాసింది? రజాకార్లు చేస్తున్న దౌర్జన్యాలు తప్పని వ్రాసింది. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో చేరడమే అందరికీ మేలని వ్రాసింది. ఉర్దూలో వ్రాసింది, ఒక ముసల్మాను వ్రాశాడు. వాళ్ళకి మింగుడు పడనిది అదే. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం పెద్దలు భారతదేశంలో చేరమని కోరుతూ ప్రకటన ఇస్తే ఇమ్రోజ్ దాన్ని అచ్చు వేసింది. ఇటువంటి వ్రాతలు వ్రాసే చేతులు ఉండగూడదని రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ ఆ రోజుల్లోనే ఒక సభలో మాట్లాడాడని అంటారు.

ఆగస్టు 21 రాత్రి. పత్రికాఫీసు కాచిగూడలో. దినపత్రిక పని తెమిలేసరికి అర్ధరాత్రి దాటుతుంది. షోయబుల్లాఖాన్, బావమరిది ఇస్మాయిల్‌ఖాన్ ఇంటికి నడిచిపోతున్నారు. చప్పల్‌బజారు దగ్గర వెనకనుంచి వచ్చి కాల్చారు. పడిపోయాక కుడిచెయ్యి నరికారు. వ్రాసే చెయ్యి. అడ్డం పోయిన ఇస్మాయిల్‌ఖాన్ చెయ్యి కూడా నరికారు. 22 తెల్లవారుజామున షోయబుల్లాఖాన్ ప్రాణం పోయింది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. సరిగ్గా ఇరవై ఆరు రోజులకి, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు.

ఈ కథ నేను చదివాక మా ఎదురువాటా వదినగారితో చెబితే, “ఆ చోటు చూపించండీ” అని పట్టుబట్టింది. ఆవిడకి ఇలాంటివంటే మహా ఇష్టం. ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళకి బయల్దేరాం. బర్కత్‌పురా మీదుగా నడుస్తూ దారి పొడుగునా కథ చెప్పాను. ఒక పాత ఇల్లు, పైన రావిమొక్క మొలిచిన గోడ, లోపల దీపం లేదు. అక్కడ ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “ఇదేనా వదినా? ఇక్కడేదో ఉంది. చూడు, నా చేతులు ఎంత చల్లబడ్డాయో.”

“ఇంకా సగం దారి ఉందమ్మా,” అన్నాను.

తీరా చప్పల్‌బజారు చేరాక అక్కడ ఏముంది? ఆటోలు, స్కూటర్లు, ఇరానీ చాయ్, మిర్చిబజ్జీ బండి, సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాళ్ళు. పూలబండి దగ్గర వదినగారు మల్లెపూలు బేరం చేసింది. మూర ఇరవైకి ఇవ్వనంటే అలిగి ముందుకు నడిచింది కూడా. ఆవిడ చేతులు అక్కడ వెచ్చగానే ఉన్నాయి. ఆవిడని తప్పుపట్టను. ఆ చోట భయపడ్డానికి ఏమీ లేదు. చీకటి లేదు, పాడుగోడ లేదు. భయం చీకటితో వస్తుంది, తేదీతో రాదు.

మరి నాకేమీ తోచలేదా అంటారేమో. తోచింది. కానీ మీరనుకునేది కాదు. మనలో రాత్రి డ్యూటీ మగవాళ్ళున్న ఇళ్ళెన్నో ఉన్నాయి. రైల్వేవాళ్ళు, ప్రెస్సువాళ్ళు, ఆస్పత్రివాళ్ళు. అర్ధరాత్రి దాటాక వీధిలో అడుగుల చప్పుడైతే, అది మనవాళ్ళదో కాదో తలగడమీద నుంచే చెప్పగలం కదూ. అన్నం గిన్నె మూత పెట్టి, మంచినీళ్ళు పెట్టి, దీపం తగ్గించి వింటూ ఉంటాం. ఆ రాత్రి నగలిచ్చిన ఆ ఇంట్లో కూడా వినే ఉంటారు. నేను నిలబడ్డ ఆ పూలబండి దగ్గరనుంచి ఆ ఇంటిదాకా రావలసిన అడుగులు రాలేదు. ఈ మాట మనసులోకి వచ్చాక ఆ మల్లెపూల వాసన కాసేపు నాకు సహించలేదు.

అదే సంవత్సరం, ఏడు నెలల ముందు, జనవరి 30న ఢిల్లీ బిర్లా భవనంలో గాంధీగారు ప్రార్థనకు నడిచిన చివరి అడుగుల్ని అక్కడ నేలమీద గుర్తులుగా కట్టి ఉంచారు. పిల్లల్ని తీసుకెళితే వాళ్ళు ఆ అడుగుల వెంబడి నడిచి, ఆగిపోయిన చోట ఆగిపోతారు. అక్కడ దయ్యం కథ ఎవరూ చెప్పరు. చెప్పాల్సిన అవసరం లేదు.

కాసిం రజ్వీ కొన్నేళ్ళు జైల్లో ఉండి, 1957లో విడుదలై పాకిస్తాను వెళ్ళిపోయాడు. 1970లో అక్కడే పోయాడు. షోయబుల్లాఖాన్‌ను గోషామహల్‌లో ఖననం చేశారు. ఇస్మాయిల్‌ఖాన్ నరికిన చేతితోనే బతికాడు.

మీరు వెళ్ళాలనుకుంటే నారాయణగూడ మెట్రో దగ్గర దిగి నడవండి, మెల్లిగా నడిస్తే అరగంట. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. మా వదినగారు ఈమధ్య గోలకొండలో మాదన్నను చంపిన వీధి చూపించమంటోంది. పగటిపూటే వెళదామన్నాను. ఒప్పుకోవడం లేదు.