సుమేరు ధాన్యపు కొట్టు నుండి వాటాల విపణి దాకా

బడిపిల్లలకు ఆర్థికశాస్త్రం ఎలా చెప్పాలన్న చర్చ వచ్చినప్పుడల్లా ఈ మధ్య ఒక సలహా తప్పక వినవస్తున్నది. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఉత్తుత్తి సొమ్ము చేతికిచ్చి, వాటాలు కొనిపించండి, అమ్మించండి అని. ఇది నిన్నమొన్న పుట్టిన ఊహ అని చాలామంది భావన. నిజానికి ఇటువంటి బోధనకు అరవయ్యేళ్ళు దాటిన చరిత్ర ఉన్నది. అందులో ఆద్యుల వరుసన నిలిచినది ఒక బడిపంతులమ్మ. జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి పొందిన నాకు ఆ సంగతి తెలిసినప్పుడు కలిగిన సంతోషాన్ని మిత్రులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

ఆమె పేరు మేబెల్ ఆడిస్. న్యూయార్క్ రాష్ట్రంలో కటోనా అనే ఊరి ప్రాథమిక పాఠశాలలో నాలుగవ తరగతి ఉపాధ్యాయిని. వెస్ట్‌చెస్టర్ జిల్లా విద్యాసంస్థ, ఐబీఎమ్ సంస్థ కలిసి చేపట్టిన ప్రయోగంలో భాగంగా ఆమె 'సుమేరియన్ గేమ్' అనే పాఠాన్ని రచించారు. దానిని కంప్యూటరు భాషలోకి మార్చినవారు విలియమ్ మెకే. 1964లో ఆరవ తరగతి పిల్లలు దీనిని మొదటిసారి ఆడారు. అంతర్జాలం ఇంకా పుట్టలేదు. బొమ్మలు కదిలే తెర లేదు. టైపు యంత్రం వంటి పరికరం ఎక్కడో ఉన్న కంప్యూటరుతో మాట్లాడి కాగితం మీద అక్షరాలు కొట్టేది.

ఆడే పిల్ల లగాష్ నగరానికి రాజు. పంట చేతికి వచ్చింది. ప్రజల తిండికి ఎంత ఇవ్వాలి? విత్తనానికి ఎంత తీయాలి? కొట్టులో ఎంత దాచాలి? ఆట ముడి అంతా ఈ మూడు ప్రశ్నలలోనే ఉన్నది. తిండికి తగ్గిస్తే ప్రజలు తగ్గుతారు. విత్తనానికి తగ్గిస్తే వచ్చే పంట తగ్గుతుంది. పెట్టుబడి అనే మాటను వాడకుండానే దాని అర్థమంతా ఇందులో ఇమిడి ఉన్నది. ఈ రోజు నోటికి అందవలసిన గింజను రేపటి కోసం మట్టిలో వేయడమే గదా పెట్టుబడి!

ఈ ఊహనే ఆధారం చేసుకొని 1968లో డగ్ డైమెంట్ ఒక చిన్న ఆట కట్టారు. డేవిడ్ ఆల్ దానిని బేసిక్ భాషలోకి మార్చి 1973లో తమ పుస్తకంలో ప్రకటించారు. 'హమురాబి' పేరుతో అది దేశదేశాల కంప్యూటర్లకు చేరింది. (చక్రవర్తి పేరులోని ద్విత్వం లోపించింది. పైగా ఆయన బాబిలోను ప్రభువు. పండితుణ్ణి కనుక ఈ మాట అనకుండా ఉండలేను.)

ఈ ఆటను ఇటీవల మా మనుమడితో కలిసి ఆడాను. మొదట మన చేతిలో 100 మంది ప్రజలు, 1000 ఎకరాలు, 2800 బుషెళ్ళ ధాన్యం ఉంటాయి. బుషెల్ అంటే మన కుంచం వలె గింజలను కొలిచే కొలమానం. మనిషికి ఏడాదికి 20 బుషెళ్ళ వంతున తిండికి 2000, రెండెకరాలకు ఒక బుషెల్ వంతున విత్తనానికి 500 పోగా 300 మిగులుతాయి. భూమి ధర ఏటేటా మారుతుంది. ఎలుకలు ధాన్యాన్ని తింటాయి. ఒక్క ఏట నూటికి 45 మందికి మించి ఆకలితో చస్తే రాజ్యం పోతుంది. పదేళ్ళు గడిచాక తీర్పు వస్తుంది. ఏటా సగటున నూటికి ఎందరు ఆకలితో పోయారు, తలకు ఎన్ని ఎకరాలు మిగిలాయి, ఈ రెండే ఆ తీర్పుకు ఆధారాలు. మావాడు ధాన్యం బాగా కూడబెట్టాడు. తీర్పు చూసి, "తాతయ్యా, దాచిన గింజలకు మార్కులు లేవా?" అన్నాడు. లేవు. ఆ ఆటలోని పాఠమంతా ఆ 'లేవు'లోనే ఉన్నది.

1977లో అమెరికాలో 'స్టాక్ మార్కెట్ గేమ్' వచ్చింది. తర్వాత అంతర్జాలంలోకీ మారింది. విద్యార్థుల జట్టుకు ఊహాత్మకంగా 1,00,000 డాలర్లు ఇస్తారు. నిజమైన కంపెనీల వాటాలను నిజమైన ధరలకు కొనాలి. వార్తలు చదవడం, శాతాలు కట్టడం, ఒకే కంపెనీని నమ్ముకోకపోవడం వంటి మంచి అలవాట్లు దీనివల్ల అబ్బుతాయి. కాని కొన్ని వారాలకే గడువు ముగిసి, ఎవరి సొమ్ము ఎక్కువ పెరిగితే వారిదే గెలుపు అన్నప్పుడు పాఠం తిరగబడుతుంది. అంత కొద్దికాలంలో ముందుకు పోవాలంటే సాహసించి ఒకే వాటా మీద అంతా ఒడ్డేవాడికే అవకాశం ఎక్కువ. పోయినా పోయేది ఉత్తుత్తి సొమ్మే గనుక భయం లేదు.

మన పెద్దలు ఈ భేదాన్ని ఆటలలోనే చూపారు. వామనగుంటలలో ఏ గుంటలోని చింతపిక్కలు తీయాలన్నది మన నిర్ణయం. వైకుంఠపాళిలో నిచ్చెన ఎక్కించేదీ, పాము నోట వేసేదీ పందెమే. కొద్దివారాల వాటాల పోటీ చూపుకు వామనగుంటల వలె ఉన్నా, ఫలితంలో చాలావరకు వైకుంఠపాళి. నిచ్చెన ఎక్కిన పిల్లవాడు అది తన తెలివి అనుకోవడమే ప్రమాదం.

ఈ ప్రమాదం ఊహ కాదు. వాయిదా బేరాలలో 2021-22 మొదలు మూడు ఆర్థిక సంవత్సరాలలో చిన్న మదుపరులు నూటికి 93 మంది నష్టపోయారనీ, ఆ నష్టం మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందనీ సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించింది. 2023-24లో ఆ బేరాలు చేసినవారిలో నూటికి 43 మంది ముప్పయ్యేళ్ళ లోపువారే. నిజమైన వాటాల ధరలతో ఉత్తుత్తి వ్యాపారపు పోటీలు నడిపే అనధికార వేదికలకు దూరంగా ఉండమని అదే ఏడాది నవంబరులో హెచ్చరించింది కూడా.

ఆటలు మానుమని నా అభిమతం కాదు. ఆట దేనికి మార్కులు వేస్తుందో పిల్లవాడు దానినే నేర్చుకుంటాడు. కనుక మార్కులు ఎవరికి వేయాలో పంతులు ముందే తేల్చుకోవాలి. ఎంత పెరిగిందని అడగడానికి ముందు ఎందుకు కొన్నావని అడగాలి. కొన్ననాడే ఆ కారణం నోటుపుస్తకంలో రాయించాలి. నష్టపోయినా కారణం సబబైతే మార్కులు ఇవ్వాలి. గాలివాటంగా లాభం వస్తే ఇవ్వకూడదు.

మేబెల్ ఆడిస్ 2004లో కన్నుమూశారు. 2023లో ఆటల నిర్మాతలు ఆమెకు మరణానంతరం మార్గదర్శక పురస్కారం ఇచ్చి గౌరవించారు. ఆమె పిల్లల ముందు ఉంచినవి మూడు కుప్పలు: తిండి, విత్తనం, నిలువ. వాటాల ఆటలో విత్తనం ఒక్కటే మిగిలింది. తక్కిన రెండింటినీ తరగతి గదిలోకి మళ్ళీ తేవలసిన బాధ్యత మనది. ఉపాధ్యాయ మిత్రులెవరైనా ఈ విధంగా ఆడించి చూస్తే, ఆ అనుభవం తెలుపగోరుతాను.