నిద్రపోని చెవి

మార్కాపురం, గిద్దలూరు వైపు మనకు సముద్రంతో పని లేదు. అయినా తార్ ఆఫీసు టకటకలు మన తరం వాళ్ళకు తెలుసు. చిన్న ఊళ్ళలో సాయంత్రం ఆఫీసు తలుపు వేశాక వచ్చిన కబురు, చావు కబురైనా సరే, తెల్లవారేదాకా ఆగవలసిందే. సముద్రం మీద ఇదే చిక్కు వందల ప్రాణాల మీదికి తెచ్చింది.

1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ మంచుకొండను ఢీకొన్నది. దానికి దగ్గరలోనే కాలిఫోర్నియన్ అనే ఓడ ఆగి ఉన్నది. అందులో వైర్‌లెస్ ఆపరేటరు ఒక్కడే. పొద్దుటినుంచి పనిచేసి, ప్రమాదానికి కొద్ది నిమిషాల ముందే యంత్రం ఆపి పడుకున్నాడు. అతని తప్పేమీ లేదు, డ్యూటీ అయిపోయింది. ఒంటి గుమాస్తా ఆఫీసుల్లో పనిచేసిన మన మిత్రులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. దూరాన ఉన్న కార్పేథియా ఆపరేటరు పడుకోబోతూ కూడా హెడ్‌ఫోను తీయలేదు గనుక సుమారు 700 మంది బతికారు. 1500 మందికి పైగా చనిపోయారు.

ప్రతి సరుకు ఓడలోనూ ముగ్గురు ఆపరేటర్లను పెట్టాలంటే యజమానులకు జీతాల భారం. అందుకని వినే పని యంత్రానికి అప్పగించారు. 1927 వాషింగ్టన్ మహాసభ గుర్తు నిర్ణయించింది: నిమిషంలో 12 గీతలు, ఒక్కొక్కటి 4 సెకన్లు, మధ్య ఒక సెకను విరామం. మామూలు మోర్సులో అంత పొడవు గీత రానే రాదు. వరుసగా మూడు నాలుగు గీతలు సరైన కొలతతో అందితే చాలు, ఆపరేటరు గదిలోనూ, ఓడ నడిపే చోటా గంటలు మోగేవి. మిగతా గీతలెందుకంటారా? ఉరుములు మెరుపుల గరగరలో కొన్ని చెడిపోయినా కొన్నైనా దక్కాలని. ఆ గరగరకే ఒక్కోసారి గంట ఉత్తినే మోగేది కూడా. అయినా లేవాల్సిందే. గంట మనిషిని లేపుతుందే గాని, ఆపద ఎక్కడో చెప్పదు. అతడు లేచి హెడ్‌ఫోను పెట్టుకుని ఎస్.ఓ.ఎస్. వినాలి.

1929 లండన్ ఒప్పందం 1600 టన్నులు, ఆపైబడిన సరుకు ఓడలకు వైర్‌లెస్ తప్పనిసరి చేసింది. 1948 మార్చి 14న నెహ్రూ గారు విశాఖపట్నంలో నీటిలోకి దింపిన మన ‘జలఉష’ అంతకన్నా ఎంతో పెద్దది.

1999 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాల పద్ధతి పూర్తిగా అమలయి, ఓడలకు మోర్సు అక్కరలేకపోయింది. మన తార్ 2013 జూలైలో ఆగింది. సముద్రం మీది తార్ పద్నాలుగేళ్ళ ముందే రిటైరయిందన్నమాట.