మాదాపూర్ దుకాణంలో కొండల పీతల్



మాదాపూర్ శిల్పారామం చూడని హైదరాబాదీ ఖాందాన్ తక్కువ. ఈద్ సెలవుల్లో పిల్లలతో పోతాం, తిరుగుతాం, ఏదో ఒక చీజ్ దగ్గర ఆగి మోల్‌తోల్ చేస్తాం. సగం ధరకే తెచ్చామని ఇంటికొచ్చి ఖుషీగా చెప్పుకుంటాం. ఆ సగం ఎవరి హక్కో ఆలోచించం.

శిల్పారామం 1992 నాటిది. పక్కనున్న సైబర్ టవర్స్ 1998లో గానీ రాలేదు. అంటే ఈ ఇలాఖాలో కంప్యూటర్ కంటే ముందు దస్తకారీకే జగా దొరికింది. ఇలాంటి బజార్లలో కనిపించే పీతల్ గంటలు, దీపాలు, ఏనుగులు, నెమళ్లు కొన్ని ఆదిలాబాద్ కొండల నుంచి వస్తాయి. ఆ పని పేరు డోక్రా. చేసేవాళ్లు ఓజాలు. ఉషేగావ్, కేస్లాగూడ వాళ్ల ఊళ్లలో పేరున్నవి.

పని తీరు వినండి. ముందు బంకమట్టితో లోపలి ఆకారం చేస్తారు. దానిమీద మైనాన్ని, మనం మోమ్ అంటామే, సన్నని దారాల్లా చుడతారు. నగిషీ అంతా ఆ దారాలదే. పైన మళ్లీ మట్టి పూసి, ఆరబెట్టి, కాలుస్తారు. మైనం కరిగిపోతుంది. అది ఖాళీ చేసిన జగాలో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక సాంచాను పగలగొట్టి వస్తువును బయటికి తీస్తారు. ఒక సాంచాకు ఒకటే చీజ్. అచ్చం అలాంటిది ఇంకొకటి దునియాలో ఉండదు. మొహెంజోదారోలో దొరికిన నాట్యకత్తె బొమ్మను నాలుగు వేల ఏళ్ల కింద పోసింది ఈ తరీకాతోనే.

మన ఇళ్లలో బిద్రీ పాన్‌దాన్ ఉంటే దాని తవారీఖ్ గొప్పగా చెప్పుకుంటాం. బీదర్ సుల్తానులు, ఖిల్లా మట్టితో వచ్చే నల్లదనం, చాందీ తారు, అన్నీ మనకు యాదే. బిద్రీకి దర్బార్ ఉంది, కాబట్టి కితాబుల్లోకెక్కింది. డోక్రాకు దర్బార్ లేదు. ఓజాల పని కొనేది గోండులు: దేవతల ప్రతిమలు, గంటలు, పండగ సామాన్లు. గోండు ఇంట్లో పంట ఉంటేనే ఓజా పొయ్యిలో నిప్పు ఉండేది.

ఇక్కడ మనం కడుపులో దాచుకోకుండా ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది. నిజాం హుకూమత్ మనకు ఉస్మానియా యూనివర్సిటీ ఇచ్చింది, దవాఖానాలు ఇచ్చింది. అదే హుకూమత్‌లో అడవిని రిజర్వు చేసి గోండుల పోడు ఆపారు. బయటివాళ్లు వచ్చి వాళ్ల భూములు పట్టుకున్నారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము తుపాకీ గుళ్లకు కూలిపోయాడు. ఆయన పేరుతో నిలిచిన నినాదం జల్, జంగల్, జమీన్. ఇవి రోజూ మన ఇంట్లో, గల్లీలో వినపడే లఫ్జులే. అయినా హుకూమత్ చెవికి ఎక్కలేదు.

ఆ జుల్మ్ తర్వాతే సర్కార్ హైమండార్ఫ్‌ను కొండల్లోకి పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి గోండుల హాలత్ రాశాడు. 1943 నుంచి వాళ్ల జబాన్‌లో చదువు మొదలైంది. దేర్‌గానైనా చేసిన ఇన్సాఫ్ అది. రెండూ మన తవారీఖే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచడం ఈమాన్‌దారీ కాదు.

2018లో ఆదిలాబాద్ డోక్రాకు జీఐ గుర్తింపు వచ్చింది. అసలు ఊరి పేరుకు కానూనీ హిఫాజత్ దొరికింది. కానీ కాగితం కడుపు నింపదు, గిరాకీ నింపుతుంది.

మనం మూర్తులు కొనం, అది మన అఖీదా. గంట కొనొచ్చు, దీపం కొనొచ్చు. కొన్నా కొనకపోయినా ఆ కారీగర్ హునర్‌కు ఇజ్జత్ ఇవ్వొచ్చు. హజ్రత్ దావూద్ అలైహిస్సలాం తన చేతులతో లోహం పనిచేసి బతికిన పైగంబర్ అని పిల్లలకు చెబుతాం కదా. ఆ మాట మదరసా గోడల మధ్యే ఎందుకు ఆగాలి?

ఈసారి సెలవుల్లో వీలైతే ఆసిఫాబాద్ దాకా పోండి. జోడేఘాట్ చూడండి, కారీగర్ల ఊళ్లో కూర్చుని మైనం దారం చుట్టడం పిల్లలకు చూపించండి. అంత దూరం కుదరకపోతే మాదాపూర్‌లోనే ధర అడిగి, ఏ ఊరిదని కూడా అడగండి. పసీనా ఆరకముందే మజూరీ ఇవ్వమన్న దీన్ మనది. ఆ ధరలో సగం కోసేముందు అది యాద్ చేసుకుంటే చాలు.