బల్లకు ఏ వైపున? - వి.వి. గిరి జీవితం: ఒక పరిశీలన

సాహిత్య విద్యార్థుల చేత జీవిత చరిత్ర వ్యాసాలు రాయించినప్పుడల్లా నాకు ఒకే అనుభవం ఎదురవుతుంది. రాజకీయ నాయకుడి జీవితం అనగానే వారు పదవుల పట్టిక రాస్తారు. ఈమధ్య వరాహగిరి వెంకటగిరి మీద వ్యాసాలు రాయించాను. మంత్రి, హైకమిషనర్, గవర్నర్, ఉపరాష్ట్రపతి, రాష్ట్రపతి - అన్నీ వరుస తప్పకుండా ఉన్నాయి. మనిషి మాత్రం లేడు. ఈ లోపం విద్యార్థులది కాదు. వారికి మనం ఇచ్చిన నమూనాలే అటువంటివి. అందుకే ఆయన జీవితాన్ని మరోవైపు నుంచి చూడాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

గిరి 1894లో బరంపురంలో పుట్టారు. అప్పుడది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. తండ్రి జోగయ్య పంతులు న్యాయవాది. కొడుకు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళాడు. ఆ సంవత్సరమే డబ్లిన్‌లో ట్రాం కార్మికుల సమ్మెతో మొదలైన పోరాటం నగరమంతటా లాకౌటుగా మారింది. యజమానులు వేలాది మందిని గేటు బయట నిలబెట్టారు. లార్కిన్, కానొలీ వంటి నాయకులు వారి పక్షాన నిలిచారు. గిరి చదివిన యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన కవి థామస్ మెక్‌డొనాను 1916 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం కాల్చి చంపింది. ఆ ఏడాదే గిరి ఐర్లండ్ విడిచి రావలసి వచ్చింది. జాతీయోద్యమం, కార్మికోద్యమం వేర్వేరు కావన్న పాఠం ఆయన అక్కడే నేర్చుకున్నారని చెప్పడం అతిశయోక్తి కాదు.

బరంపురంలో ప్రాక్టీసు పెట్టిన గిరి సహాయ నిరాకరణ కాలంలో జైలుకు వెళ్ళారు. అయితే ఆయనను నాయకుణ్ణి చేసింది బెంగాల్ నాగపూర్ రైల్వే. ఆ లైను హౌరా నుంచి బరంపురం మీదుగా వాల్తేరు దాకా వచ్చేది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులలో పని వెతుక్కుంటూ మన ఉత్తరాంధ్ర నుంచి ఎందరో వెళ్ళారు. ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా 1927-28 సంవత్సరాలలో అక్కడ జరిగిన పోరాటంలో గిరి ముందు నిలిచారు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్‌ను కట్టిన వారిలో ఆయన ఒకరు. 1926లో ఏఐటీయూసీ అధ్యక్షులయ్యారు.

ఇక్కడే ఆయన పరిమితిని కూడా గుర్తించాలి. 1929లో నాగపూర్ మహాసభలో, బ్రిటిష్ ప్రభుత్వం వేసిన విట్లీ కమిషన్‌ను బహిష్కరించాలా వద్దా అన్న వివాదం వచ్చింది. బహిష్కరణ వైపు మొగ్గిన సంస్థను వదిలి బయటికి నడిచిన మితవాదులలో ఎన్.ఎం. జోషీతో పాటు గిరి ఉన్నారు. సంఘం చీలింది. యజమానితో, ప్రభుత్వంతో ఎదురెదురుగా బల్ల దగ్గర కూర్చుని మాట్లాడితే న్యాయం దొరుకుతుందన్నది ఆయన విశ్వాసం. ఆ బల్ల సమతలంగా ఉందా అన్న ప్రశ్న దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగలేదు.

1937 ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఆయన సొంత గడ్డ మీదే గిరి ఓడించారు. రాజా అప్పటిదాకా మద్రాసు రాష్ట్ర ప్రధాని, జస్టిస్ పార్టీ నాయకుడు, జమీందారు. ఒక ట్రేడ్ యూనియన్ నాయకుడి చేతిలో ఆయన ఓడిపోవడం చిన్న సంగతి కాదు. కానీ ఆనాటి ఓటు ఆస్తి, పన్ను, చదువు ఉన్నవారికే అన్న విషయాన్ని విస్మరించరాదు. కూలీ నాలీ చేసుకునే వారిలో అత్యధికులు ఆ విజయాన్ని బయట నిలబడి చూశారు. గిరి రాజాజీ మంత్రివర్గంలో 1939 దాకా, తిరిగి 1946లో ప్రకాశం మంత్రివర్గంలోనూ మంత్రిగా పనిచేశారు. నడుమ జైలు జీవితం అనుభవించారు. బల్లకు అవతలి వైపు కుర్చీ ఆయనకు మొదటిసారి దక్కింది ఈ కాలంలోనే.

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. కార్మిక వివాదాలను నిర్బంధంగా ట్రిబ్యునళ్ళకు నెట్టడం సంఘాల బలాన్ని తినేస్తుందని, ఉభయ పక్షాలూ స్వచ్ఛందంగా తేల్చుకోవడమే మేలని వాదించారు. దీనికే గిరి విధానమని పేరు వచ్చింది. మంత్రివర్గం దానిని అంగీకరించలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వమే కత్తిరించినప్పుడు గిరి రాజీనామా చేశారు. ట్రిబ్యునళ్ళను నమ్మని మనిషే, ట్రిబ్యునల్ ఇచ్చినదాన్ని ప్రభుత్వం లాక్కుంటే సహించలేకపోయారు. నా దృష్టిలో ఆయన జీవితంలో అత్యంత ఉజ్జ్వలమైన ఘట్టం ఇదే. ఏ పదవిని అలంకరించినప్పుడూ ఆయన ఇంత ఎత్తున కనిపించరు.

దీనికి పక్కనే మరొక ఘట్టాన్ని ఉంచి చూడాలి. 1957లో ఆయన పార్వతీపురంలో పోటీ చేశారు. అది ద్విసభ్య నియోజకవర్గం: ఒకటి జనరల్ స్థానం, ఒకటి షెడ్యూల్డు తెగలది. తెగల అభ్యర్థులలో ఎక్కువ ఓట్లు వచ్చిన బిడ్డిక సత్యనారాయణకు రిజర్వుడు స్థానం దక్కింది. మిగిలిన వారిలో గిరి కంటే కొన్ని వందల ఓట్లు ఎక్కువ తెచ్చుకున్న డిప్పల సూరి దొర జనరల్ స్థానం గెలిచారు. ఆయనా ఆదివాసీయే. తెగల అభ్యర్థిగా నిలబడిన మనిషికి జనరల్ స్థానం చెల్లదని గిరి కోర్టుకెక్కారు. 1959లో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని తిరస్కరించింది. రిజర్వేషన్ ఉన్నంత మాత్రాన జనరల్ స్థానం మీద ఆదివాసీకి హక్కు పోదని తేలింది. 1961లో ద్విసభ్య నియోజకవర్గాల పద్ధతినే రద్దు చేశారు.

గిరి వాదం చట్టపరంగా వినదగినదే కావచ్చు. న్యాయమూర్తులందరూ ఏకాభిప్రాయానికి రాలేదు కూడా. కానీ మన్యం ప్రజలు తమ మనిషికి రెండో కుర్చీ కూడా సంపాదించిపెట్టిన రోజున, జీవితమంతా శ్రామికుల పక్షాన మాట్లాడిన నాయకుడు ఆ కుర్చీ కోసం దావా వేశారన్నది చరిత్ర. సూరి దొర పేరు నా విద్యార్థుల వ్యాసాలలో ఒక్కదానిలోనూ లేదు.

ఆ తరువాత మూడు రాష్ట్రాలకు గవర్నర్, ఉపరాష్ట్రపతి. 1969 జులై 19న తాత్కాలిక రాష్ట్రపతిగా 14 బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సు మీద సంతకం చేసి, మర్నాడే రాజీనామా ఇచ్చి, స్వతంత్ర అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డి మీద గెలిచారు. బ్యాంకు గుమాస్తాల కోసం పదవి వదిలిన మనిషి చేతి మీదుగా ఆ సంతకం పడటం చరిత్ర చేసిన చమత్కారం.

అదే చరిత్ర 1974 మే నెలలో కఠినంగా మారింది. మే 8న దేశమంతటా రైల్వే సమ్మె మొదలైంది. దానికి ముందు నిలిచినది అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్. అంటే గిరి యౌవనంలో చేతులారా కట్టిన సంస్థే. దాని అధ్యక్షుడు జార్జ్ ఫెర్నాండెజ్‌ను సమ్మెకు ముందే అరెస్టు చేశారు. వేలాది మందిని జైళ్ళలో పెట్టారు, ఉద్యోగాలు తీసేశారు. రైల్వే క్వార్టర్ల నుంచి కుటుంబాలను వీధిలోకి నెట్టారు. మే 27న సమ్మె విరమించారు. ఈ చర్యలన్నీ తీసుకున్న ప్రభుత్వం రాష్ట్రపతి పేరు మీద నడిచే ప్రభుత్వం. ఆ రాష్ట్రపతి గిరి.

రాష్ట్రపతి మంత్రివర్గం సలహాకు కట్టుబడినవాడని, ఆయన చేతిలో ఏముందని కొందరు అంటారు. నిజమే. కానీ 1954లో మంత్రి చేతిలో మాత్రం ఏముంది? రాజీనామా పత్రం ఒక్కటే ఉంది. దానిని ఆయన వాడారు. 1974లో వాడలేదు. ఆగస్టులో పదవీకాలం ముగిశాకనే ఆ భవనం దాటి వచ్చారు. మరుసటి ఏడాది భారతరత్న ఇచ్చారు. 1980 జూన్‌లో మద్రాసులో మరణించారు.

దీనిని వ్యక్తిగత ద్రోహంగా చిత్రిస్తే మనం మళ్ళీ పొరపాటే చేస్తాం. గిరి నిజాయితీని నేను శంకించడం లేదు. బల్ల దగ్గర కూర్చుంటే చాలునని నమ్మిన మనిషిని ఆ బల్లే క్రమక్రమంగా అవతలి వైపుకు చేర్చింది. ఒక్కొక్క పదవీ ఒక్కొక్క అడుగు. ఆ అడుగులు ఎక్కడ పడ్డాయో చూపించడం జీవిత చరిత్రకారుడి పని. నాయకుణ్ణి దేవుణ్ణి చేసేవాడూ, తిట్టి వదిలేసేవాడూ ఆ పని తప్పించుకుంటున్నారు.

విద్యార్థులకు ఆ వ్యాసాలు తిరిగి ఇచ్చేటప్పుడు నేను మార్కులు వేయలేదు. ఒక్కటే అడిగాను: ఖరగ్‌పూర్ గేటు బయట నిలబడ్డ తెలుగు ఫిట్టరు, పార్వతీపురంలో సూరి దొరకు ఓటేసిన సవర రైతు, 1974లో క్వార్టరు ఖాళీ చేసిన రైల్వే కార్మికుడి భార్య - ఈ ముగ్గురి వైపు నుంచి గిరి జీవితాన్ని మళ్ళీ రాసుకు రమ్మన్నాను. పదవుల పట్టిక అలాగే ఉండవచ్చు. ఒక్కొక్క పదవి పక్కన, ఆ రోజున ఆయన బల్లకు ఏ వైపున కూర్చున్నారో కూడా రాయాలి. ఆ పని నాకూ ఉంది, మీకూ ఉంది.