లాఠీతో పాటు పట్టా

మన దగ్గర కానిస్టేబులు ఉద్యోగానికి ఇంటర్మీడియట్ చాలు. అయినా ఆ పరీక్ష రాసేవాళ్ళలో డిగ్రీలు, బీటెక్కులు పూర్తిచేసినవాళ్ళు బోలెడుమంది. ఇంగ్లండ్, వేల్స్‌లో ఇంకో దారి పట్టారు. పోలీసుగా చేరినవాళ్ళకు జీతమిస్తూ, డ్యూటీ చేయిస్తూ, మూడేళ్ళలో ఆ ఉద్యోగం మీదే డిగ్రీ పట్టా చేతిలో పెడతారు. ఫీజు ఒక్క పౌను కూడా కట్టనక్కర్లేదు. దీని పేరు పోలీస్ కానిస్టేబుల్ డిగ్రీ అప్రెంటిస్‌షిప్. మొదలైంది 2018లో. దాని వెనక దాదాపు రెండు శతాబ్దాల తర్జనభర్జన ఉంది. వీధిలో గొడవో, ఊరంతా గగ్గోలో పుడితే తప్ప అక్కడి శిక్షణలో పెద్ద కదలిక రాలేదని ఆ చరిత్ర చదివితే అనిపిస్తుంది.

1829 సెప్టెంబరు 29న లండన్ వీధుల్లోకి కొత్త మెట్రోపాలిటన్ పోలీసులు వచ్చారు. హోం మంత్రి రాబర్ట్ పీల్ పెట్టిన దళం అది. వయసు 35 దాటకూడదు, ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు ఉండాలి, చదవడం రాయడం రావాలి. శిక్షణ అంటే కాస్త డ్రిల్లు, అంతే. పక్కన నడిచి పని నేర్పడానికి పాతకాపు ఒక్కడూ లేడు, అందరూ కొత్తవాళ్ళేనాయె. వారంటు నంబరు 1 దక్కిన విలియం ఆట్కిన్సన్ తాగి దొరికిపోయి నాలుగు గంటల్లోనే ఉద్యోగం ఊడగొట్టుకున్నాడు. తాగుడు వల్ల పోయిన ఉద్యోగాలు ఆ తొలి ఏళ్ళలో లెక్కలేనన్ని.

లండన్ పోలీసులకు పీల్ హౌస్ అనే శిక్షణాలయం వచ్చేసరికి 1907 అయింది. తర్వాత 1934లో కమిషనర్ ట్రెంచర్డ్ హెండన్‌లో కాలేజీ తెరిచాడు. ఈయన అంతకుముందు వైమానిక దళానికి అధిపతి. చదువుకున్న కుర్రాళ్ళను తెచ్చి నేరుగా అధికారులుగా తయారుచేద్దామన్నది ఆయన ఆలోచన. బీట్లు తిరిగి తిరిగి పైకొచ్చినవాళ్ళకు అది ఒళ్ళు మండించింది. 1939లో యుద్ధం వచ్చి కాలేజీ మూతపడింది. ఎవరైనా సరే కానిస్టేబులుగానే మొదలుపెట్టాలన్న పట్టుదల మాత్రం ఆ దెబ్బతో ఇంకా గట్టిపడింది. పోలీసుకు చదువెందుకన్న అనుమానం కూడా అప్పుడే బలపడిందని నా అభిప్రాయం.

యుద్ధం తర్వాత ప్రాంతీయ శిక్షణ కేంద్రాలు వచ్చాయి. కవాతు, బూట్ల మెరుగు, చట్టంలోని నిర్వచనాలు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పడం. దొంగతనం అంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. దొంగ అని ఎవరిని అనుమానించాలో, అనుమానించినవాడితో ఎలా మాట్లాడాలో చెప్పే పాఠం అందులో లేదు.

ఆ లోటుకు మూల్యం 1981 ఏప్రిల్‌లో తేలింది. దక్షిణ లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో 'స్వాంప్ 81' పేరుతో మఫ్టీ పోలీసులు దిగి, కొద్ది రోజుల్లోనే 943 మందిని ఆపి సోదా చేశారు. వాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి యువకులే. పేట భగ్గుమంది. విచారణ జరిపిన లార్డ్ స్కార్మన్ తొలి శిక్షణను ఆరు నెలలకు పెంచమన్నాడు. తర్వాత 1984లో వచ్చిన చట్టం సోదాకు కట్టుదిట్టమైన నియమాలు పెట్టింది. వాటిని గుర్తుంచుకోడానికి ఇప్పటికీ అక్కడి రిక్రూట్లు 'గో వైజ్‌లీ' అనే మాట వల్లెవేస్తారు. ఇంగ్లిషులో ఒక్కో అక్షరం ఒక్కో బాధ్యత: ఎందుకు అనుమానించావో చెప్పు, ఏం వెతుకుతున్నావో చెప్పు, యూనిఫారంలో లేకపోతే కార్డు చూపించు, నీ పేరు, నీ స్టేషను చెప్పు, సోదా కాగితం నకలు అడిగే హక్కుందని చెప్పు, ఏ చట్టం కింద ఆపావో చెప్పు, నిన్ను ఆపి ఉంచామని స్పష్టం చెయ్యి. వర్షంలో, బస్‌స్టాపు దగ్గర, తిట్లు తింటూ ఇవన్నీ చెప్పాలి. నిర్వచనాలు బట్టీ పట్టిన కాలంతో పోలిస్తే ఇది అసలైన విద్య.

1999లో, నల్లజాతి యువకుడు స్టీఫెన్ లారెన్స్ హత్య కేసులో, మాక్‌ఫర్సన్ నివేదిక పోలీసు వ్యవస్థలోనే జాతి వివక్ష ఉందని తేల్చింది. 2003లో బీబీసీ విలేఖరి ఒకడు మాంచెస్టర్ పోలీసు రిక్రూటుగా చేరి, వారింగ్టన్ దగ్గరి శిక్షణ కేంద్రంలో రహస్య కెమెరాతో తోటివారి జాతి ద్వేషపు మాటలు పట్టేశాడు. దేశం నివ్వెరపోయింది, కొందరు రాజీనామా చేశారు. కొన్నేళ్ళకే ఆ పాత కేంద్రాలకు తాళాలు పడ్డాయి.

2011లో పీటర్ నేరూడ్ తన సమీక్షలో డాక్టర్లకు, లాయర్లకు ఉన్నట్టే పోలీసులకూ ఒక వృత్తి సంస్థ ఉండాలన్నాడు. మరుసటి ఏడాదే కాలేజ్ ఆఫ్ పోలీసింగ్ పుట్టింది. చేరే ప్రతివాళ్ళకూ డిగ్రీ స్థాయి చదువు ఉండాలని 2016లో ప్రకటించింది కూడా ఆ సంస్థే. అయితే పథకాన్ని నిజంగా నడిపించింది ఆదర్శం ఒక్కటే కాదు, డబ్బు కూడా. 2017 నుంచి ఏడాదికి 30 లక్షల పౌన్లకు మించి జీతాలిచ్చే యజమానులందరూ అందులో అర శాతం అప్రెంటిస్ పన్నుగా కట్టాలి. పోలీసు దళాలకూ మినహాయింపు లేదు. కట్టిన సొమ్ము తిరిగి రావాలంటే రిక్రూట్లను అప్రెంటిస్‌లుగా చూపించడమే మార్గం.

పని ఇలా సాగుతుంది. మొదట తరగతి గది, ఆ తర్వాత ట్యూటర్ కానిస్టేబులు వెంట గస్తీ, అతను సరేనన్నాక ఒంటరి డ్యూటీ. పథకం మొదలైనప్పుడు పనివేళల్లో అయిదోవంతు చదువుకే కేటాయించాలన్నది నియమం. మూడో ఏడు పరిశోధన వ్యాసం. రాత్రంతా తాగుబోతుల తగాదాలు విడదీసి, పొద్దున్నే యూనివర్సిటీకి వ్యాసం పంపాలంటే ప్రాణం మీదికొస్తుందని రిక్రూట్ల గోడు. మనుషులంతా తరగతి గదిలో ఉంటే వీధిలో ఎవరుంటారన్నది అధికారుల గోడు. లింకన్‌షైర్ చీఫ్ కానిస్టేబులు బిల్ స్కెల్లీ ఈ డిగ్రీ నిబంధన మీద ఏకంగా హైకోర్టుకెక్కి, 2019 డిసెంబరులో ఓడిపోయాడు.

ఓడినా ఆయన మాటే చివరికి నెగ్గినట్టయింది. అప్పటికే ప్రభుత్వం 20,000 మంది కొత్త పోలీసుల్ని తీసుకుంటామని హామీ ఇచ్చి ఉంది. 2022 నవంబరులో హోం మంత్రి సుయెల్లా బ్రావర్‌మన్ డిగ్రీ లేని దారి కూడా ఉండాలంది. 2024లో పట్టాతో పనిలేని రెండేళ్ళ కోర్సు వచ్చింది. డిగ్రీ అప్రెంటిస్‌షిప్ రద్దు కాలేదు, రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి.

ఈ గొడవలో పెద్దగా ఎవరూ పట్టించుకోని మనిషి ట్యూటర్. 2023 నాటికి భర్తీ పూర్తయ్యేసరికి దళంలో మూడోవంతుకు పైగా ఉద్యోగులకు అయిదేళ్ళ సర్వీసు కూడా లేదు. అంటే పక్కసీట్లో కూర్చుని పని నేర్పేవాడే ఒక్కోసారి నిన్నమొన్న నేర్చుకున్నవాడు. డిగ్రీ ఉన్నా లేకపోయినా రిక్రూటు ఎలాంటి పోలీసవుతాడన్నది ఆ ట్యూటర్‌ను బట్టే ఉంటుంది.